స్కాన్ నార్మల్ వస్తే డిప్రెషన్ లేనట్టేనా?

ప్రశ్న: మా చెల్లికి 24 ఏళ్ళు. కొన్ని నెలలుగా నిద్ర లేదు, తిండి సయించట్లేదు, ఎవరితోనూ మాట్లాడదు. సైకియాట్రిస్ట్ డిప్రెషన్ అని మందులు రాశారు, తలనొప్పి కూడా ఉందంటే ఎమ్మారై తీయించారు. రిపోర్ట్ నార్మల్. అప్పట్నుంచి ఇంట్లో అందరూ "మెదడు బానే ఉందిగా, మందులెందుకు, మానెయ్" అంటున్నారు. డిప్రెషన్‌లో మెదడు మారుతుందని చదివాను, మరి తనకి ఎందుకు కనపడలేదు?

జవాబు: ముందు మందుల సంగతి. డాక్టర్‌ని అడక్కుండా ఆపనివ్వకండి, సడన్‌గా ఆపేస్తే కళ్ళు తిరగడం, చిరాకు, జబ్బు మళ్ళీ తిరగబెట్టడం లాంటివి రావచ్చు.

ఇక స్కాన్. తనకి తీసిన ఎమ్మారై గడ్డలు, రక్తం గడ్డకట్టడం, వాపు లాంటివి ఉన్నాయేమో చూడ్డానికి. అవి లేవని తేలింది, అది మంచి వార్తే, కానీ డిప్రెషన్ లేదని ఆ రిపోర్ట్ ఎక్కడా అనలేదు, అలా తేల్చడం దానివల్ల కాదు కూడా.

మీరు చదివింది కూడా నిజమే. 2016లో ఎనిగ్మా అనే అంతర్జాతీయ గ్రూపు 1,728 మంది డిప్రెషన్ పేషెంట్ల స్కాన్‌లని 7,199 మంది మామూలు వాళ్ళ స్కాన్‌లతో పోల్చింది. జ్ఞాపకాలకి ముఖ్యమైన హిప్పోకాంపస్ అనే భాగం పేషెంట్లలో సగటున 1.24 శాతం చిన్నగా ఉంది, అదీ ఎక్కువగా జబ్బు మళ్ళీ మళ్ళీ వచ్చినవాళ్ళలో, చిన్న వయసులోనే మొదలైనవాళ్ళలో. ఇక్కడ సగటు అన్న మాట వదిలేయకండి. మనిషికీ మనిషికీ ఆ భాగం సైజులో మామూలుగా ఉండే తేడానే దీనికంటే చాలా ఎక్కువ, కాబట్టి ఒక్క మనిషి ఫిల్మ్ పట్టుకుని ఎంత పెద్ద రేడియాలజిస్ట్ అయినా ఇది డిప్రెషన్ అని చెప్పలేరు. 2022లో వచ్చిన ఇంకో స్టడీలో 1,809 మందిని రకరకాల స్కాన్‌లతో చూస్తే పేషెంట్ల కొలతలూ మిగతావాళ్ళ కొలతలూ 87 నుంచి 95 శాతం దాకా ఒకదాని మీద ఒకటి కలిసిపోయాయి, స్కాన్ చూసి ఎవరు పేషెంటో కనిపెట్టడం బొమ్మాబొరుసా వేసినదానికంటే కొంచెమే మెరుగు.

ఫంక్షనల్ ఎమ్మారై అని ఇంకోటుంది, ఎక్కువగా రీసెర్చ్‌లో వాడేది. చాలాసార్లు మనిషిని మెషిన్‌లో పడుకోబెట్టి, ఏమీ ప్రత్యేకంగా ఆలోచించకుండా కదలకుండా ఉండమంటారు, కొన్ని నిమిషాలు అంతే. మెదడులో ఏ చోట ఆక్సిజన్ ఉన్న రక్తం ఎప్పుడు పెరిగిందో అది పట్టుకుంటుంది, నరకణాల పనిని నేరుగా చూడదు, రక్తం కూడా కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది, పైగా తల ఒక మిల్లీమీటర్ కదిలినా లెక్క చెడుతుంది. ఇంత జాగ్రత్తగా చేసినా ఒక స్టడీలో పేషెంట్లకి ఎక్కువ చురుగ్గా ఉందనుకున్న చోటు ఇంకోదాంట్లో తక్కువ చురుగ్గా కనిపిస్తుంటుంది. ఎందుకంటే డిప్రెషన్ అన్న ఒక్క పేరు కింద నిద్రే రానివాళ్ళూ ఉన్నారు, రోజంతా పడుకునేవాళ్ళూ ఉన్నారు, అందరినీ కలిపి సగటు తీస్తే ఏం మిగుల్తుంది చెప్పండి?

అలాగని ఈ రీసెర్చ్ వృథా అనను, నాకు దీనిమీద చాలా ఆశ ఉంది. హెలెన్ మేబర్గ్ అనే న్యూరాలజిస్ట్ మెదడులో ఏ చోటు ఎంత పనిచేస్తోందో చూపే పెట్ స్కాన్‌లలో ఏరియా 25 అనే చిన్న చోటు దుఃఖంలో చురుగ్గా ఉండటం, జబ్బు తగ్గాక నెమ్మదించడం చూసి, 2005లో వచ్చిన స్టడీలో ఏ మందుకీ లొంగని ఆరుగురికి అక్కడే సన్నగా కరెంటు పంపే ఎలక్ట్రోడ్లు పెట్టించారు, నలుగురికి బాగా తగ్గింది. ఆరుగురంటే చాలా తక్కువే, తర్వాత జరిగిన పెద్ద ట్రయల్‌లో అంత ఫలితం రాలేదు కూడా, కానీ చికిత్సకి దారి చూపించింది స్కానే.

ప్రశ్న: స్కాన్ చేసి ఏ మందు పడుతుందో చెప్తామంటే డబ్బు కట్టొచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు. దానిమీద మంచి పరిశోధన నడుస్తోంది, రోజువారీ వైద్యంలోకి ఇంకా రాలేదు. ఇప్పటికీ డిప్రెషన్‌ని తేల్చేది రెండు వారాలకి పైగా ఉన్న లక్షణాలని కూర్చోబెట్టి ఓపిగ్గా అడిగే డాక్టరే. థైరాయిడ్, బి12 లాంటి రక్తపరీక్షలు అవసరమైతే వాళ్ళే రాస్తారు. మొదటి ఉత్తరం రాసిన అక్కకి ఇంకో మాట, చనిపోవాలనిపిస్తోందా అని చెల్లిని నేరుగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే తనని ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.