మా కంపెనీ పేరు పక్కన ‘సహకరించడం లేదు’ అని పడిన రోజు

మీ ప్రశ్న: "క్రెడిట్ రేటింగ్ ఏజెన్సీలు సెబీ దగ్గర రిజిస్టర్ కావాలి, అన్ని వివరాలూ బయటపెట్టాలి అంటారు కదా, వీటివల్ల చిన్న కంపెనీలకు, మామూలు జనానికి నిజంగా ఉపయోగం ఉందా?"

రిజిస్ట్రేషన్ వల్ల కొంచెం ఉంది, బయటపెట్టే వివరాల వల్ల చాలా ఉంది. ఒక కంపెనీ అప్పు సకాలంలో తీర్చగలదా అని తూచి అక్షరాల్లో గ్రేడు ఇచ్చేవే ఈ ఏజెన్సీలు, వాటిని చూసే మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ. నేను జీడిమెట్లలో ఫార్మా కంపెనీలకు స్టెయిన్‌లెస్ స్టీల్ రియాక్టర్లు, ట్యాంకులు చేసిచ్చే యూనిట్‌లో పదిహేడేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. ఈ రేటింగ్ వల్ల మా నెత్తిన ఒకసారి పెద్ద బండే పడింది. ముందు అది చెప్తాను, మీ ప్రశ్నకు జవాబు చాలావరకు అందులోనే ఉంది.

2019 జూన్. బాలానగర్ నర్సాపూర్ చౌరస్తా దగ్గర ఫ్లైఓవర్ కడుతున్న రోజులు, రాణిగంజ్‌లో ఎక్కించిన షీట్లు మా గేటు దగ్గరికి రావడానికి ఒక పూట పట్టేది. అందుకని లోడు ఆలస్యమైందంటే ట్రాఫిక్కే అనుకున్నాం. సాయంత్రం నాలుగైనా బండి రాకపోతే ఫోన్ చేశాను. షీట్లు అమ్మే సేఠ్ గారు ఎత్తలేదు, ఆయన కొడుకు ఎత్తి, "మేడమ్, ఈసారి డబ్బులు ముందు వేయండి, అప్పుడే బండి కదుల్తది" అన్నాడు. పన్నెండేళ్లుగా మాకు 45 రోజుల ఉద్దెర నడుస్తోంది, ఒక్క చెక్కు వెనక్కి పోలేదు. ఏమైందని అడిగితే, "గూగుల్‌లో మీ కంపెనీ పేరు కొట్టి చూడండి" అని పెట్టేశాడు.

కొట్టి చూశాను. మా వెబ్‌సైట్ కంటే పైన రేటింగ్ ఏజెన్సీ ప్రెస్ రిలీజ్ వచ్చింది. పైమెట్టు ట్రిపుల్ ఏ, అట్టడుగు ‘డి’ అయిన ఈ నిచ్చెనలో బీబీ ప్లస్ ఉన్న మా రేటింగ్ రెండు మెట్లు దిగి బీబీ మైనస్ అయింది, పక్కనే ‘ఇష్యూయర్ నాట్ కోఆపరేటింగ్’ అని ఉంది. అంటే ఈ కంపెనీ మాకు సహకరించడం లేదు అని. చేతులు చల్లబడ్డాయి. జీతాల వారం, చేతిలో రెండు పెద్ద ఆర్డర్లు, గోడౌన్‌లో మూడు రోజుల సరుకు.

అసలు ఎందుకు ఇలా జరిగిందో తర్వాత తవ్వితే తెలిసింది. 2017లో సీసీ లిమిట్ (రోజువారీ వ్యాపార ఖర్చులకు బ్యాంకు వాడుకోనిచ్చే అప్పు పరిమితి) ఆరు కోట్ల నుంచి తొమ్మిది కోట్లకు పెంచమంటే, రేటింగ్ తెచ్చుకోండి అంది బ్యాంకు. తెచ్చుకున్నాం. దాని కాంటాక్ట్ మెయిల్‌గా అప్పటి మా అకౌంట్స్ ఆఫీసర్ ఐడీ ఇచ్చాం. అతను మరుసటి ఏడాది మానేశాడు. ఏజెన్సీ నుంచి వచ్చే మెయిళ్లన్నీ ఎవరూ తెరవని ఆ డబ్బాలో పడుతూనే ఉన్నాయి. ప్రతి నెలా మొదటి పనిదినాన "అప్పు వాయిదాలు ఏవీ తప్పలేదు" అని కంపెనీ ఒక స్టేట్‌మెంట్ ఇవ్వాలి. నో డిఫాల్ట్ స్టేట్‌మెంట్ అంటారు. నెలల తరబడి అది వెళ్లలేదు.

ఇంకో కారణం కూడా ఉంది, అది మా కంపెనీ యజమాని, మా సార్ వైపు నుంచి. ఆయనకు ఎవరో చెప్పారు, బీబీ రేటింగ్ ఉన్న కంపెనీకి అప్పిస్తే బ్యాంకు 150 శాతం రిస్క్ వెయిట్ లెక్కకట్టి, అంటే ఆ అప్పును ఒకటిన్నర రెట్లుగా చూసి, ఆ మేరకు సొంత మూలధనం పక్కన పెట్టుకోవాలి, మన సైజు కంపెనీకి రేటింగే లేకపోతే 100 శాతంతో సరిపోతుంది అని. ఆ మాట నిజమే, రిజర్వ్ బ్యాంకు లెక్కే అది. ట్రిపుల్ ఏ అయితే 20, బీబీబీకి 100, బీబీ, దాని కింద 150. అలాంటప్పుడు ఏటా ఫీజు కట్టి మరీ బీబీ ఎందుకు తెచ్చుకోవాలి అని ఆయన రెండో ఏడాది బిల్లు పక్కన పడేశారు. ఆయన్ను తప్పు పట్టను. మంచి రేటింగ్ వచ్చేవాడు డబ్బు కట్టి తెచ్చుకుంటాడు, రానివాడు తప్పించుకు తిరుగుతాడు, ఈ లెక్క అలా నేర్పిస్తోంది. చిన్న కంపెనీల జాబితాల్లో ‘సహకరించడం లేదు’ అన్న ముద్ర ఇన్నిసార్లు కనిపించడానికి సగం కారణం ఇదేనని నా గట్టి నమ్మకం.

కానీ ఆయనకు చెప్పినవాళ్లు రెండో సగం చెప్పలేదు. ఒకసారి తెచ్చుకున్న రేటింగ్‌ను మనకు వద్దు అనుకోగానే వదిలించుకోలేం. అప్పిచ్చిన బ్యాంకు అభ్యంతరం లేదని రాసిస్తేనే వెనక్కి తీసుకుంటారు. అందాకా ఏజెన్సీ ఏటా రివ్యూ చేయాల్సిందే. మనం కాగితాలు ఇవ్వకపోతే దొరికిన సమాచారంతోనే చేసి, ఆ ముద్ర వేసి, వెబ్‌సైట్‌లో పెట్టాల్సిందే. ఇది 2016 నవంబరులో సెబీ ఇచ్చిన సర్క్యులర్‌తో గట్టిపడింది. కంపెనీ ఒప్పుకోని రేటింగ్‌ను కూడా బయటపెట్టాలని అందులోనే చెప్పారు. అంతకుముందు నచ్చని రేటింగ్ వస్తే సొరుగులో పెట్టి ఇంకో ఏజెన్సీ గడప తొక్కేవాళ్లు, ఎవరికీ తెలిసేది కాదు.

ఆ రోజు ఆఫీసులో అందరూ వెళ్లాక ఆ ప్రెస్ రిలీజ్ ప్రింట్ తీసుకుని కూర్చున్నాను. అంతకుముందు రేటింగ్ అంటే ఆ రెండు మూడు అక్షరాలే అనుకునేదాన్ని. మూడు పేజీలు ఉంది. రెండో పేరాలోనే ఏయే తేదీల్లో మాకు మెయిల్ పంపారో వరసగా రాశారు, ఫోన్లు కూడా చేశామన్నారు. మా కంప్యూటర్ అబ్బాయితో పాత ఐడీ పాస్‌వర్డ్ మార్పించి తెరిస్తే, అవే తేదీలతో ఐదు మెయిళ్లు, ఐదూ చదవనివే. ఒక్కటి కూడా తప్పుగా రాయలేదు వాళ్లు. కింద పట్టికలో మా సీసీ లిమిట్, టర్మ్ లోన్, బ్యాంక్ గ్యారంటీ ఎంతెంతో ఉంది, గత మూడేళ్ల రేటింగ్ చరిత్ర ఉంది. రేటింగ్ ఎందుకు తగ్గించారో ఒకే వాక్యం: తగినంత సమాచారం అందనందువల్ల. మూడు పేజీలూ రెండుసార్లు వెతికాను, వాయిదా తప్పినట్టు ఎక్కడా లేదు.

అది చాలు నాకు. వాయిదా నిజంగా తప్పి ఉంటే ‘డి’ అని పడేది. ఒక్క రోజు, ఒక్క రూపాయి ఆలస్యమైనా ‘డి’ ఇవ్వాల్సిందే, సీసీ అయితే లిమిట్ దాటి 30 రోజులకు మించి ఎడతెగకుండా ఉంటే ఇస్తారు. ఒకసారి ‘డి’ పడ్డాక మళ్లీ సక్రమంగా కడుతున్నా మామూలుగా 90 రోజులు ఆగాలి, బీబీబీ స్థాయికి రావాలంటే ఏడాది. మాకు పడింది బీబీ మైనస్. డబ్బు ఎగ్గొట్టినవాడికి, కాగితం పంపనివాడికి అంత తేడా ఉంది, కానీ రాణిగంజ్‌లో ఆ తేడా చెప్పేవాళ్లెవరు?

మర్నాడు పొద్దున్నే ఆ మూడు పేజీలు, ఖాతా సక్రమంగా ఉందని బ్యాంకు మేనేజర్ ఇచ్చిన లెటరు, పన్నెండు నెలల సీసీ స్టేట్‌మెంట్ తీసుకుని సేఠ్ గారి దుకాణానికి వెళ్లాను. ఆ సమాచారం లేదన్న వాక్యం కింద స్కేలు పెట్టి ఎర్ర పెన్నుతో గీత గీశాను. ఆయన చాయ్ తెప్పించి, కళ్లజోడు పెట్టుకుని, వేలితో ఒక్కో లైను చూసుకుంటూ నన్ను చదివి చెప్పమన్నారు. మొత్తం విన్నాక, "అమ్మా, కాగితాలు అందకపోవడమే కారణమన్న మాట ఇంత చిన్న అక్షరాల్లో ఎందుకు? పైన పెద్దగా రాయొచ్చు కదా?" అన్నారు.

ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. నేను అడిగేదీ అదే. సహకరించలేదు అన్న ముద్ర హెడ్డింగ్‌లో వేసినప్పుడు, "చెల్లింపులు తప్పినట్టు మా దృష్టికి రాలేదు" అన్న ముక్క కూడా హెడ్డింగ్‌లోనే ఉండాలి. ఎగ్గొట్టినవాడినీ, కాగితం పంపనివాడినీ ఒకే గాటన కట్టేస్తే నిజాయితీగా కట్టేవాడే నలిగిపోతాడు.

ఆ రోజు సగం ముందు, సగం 15 రోజుల్లో అన్న ఒప్పందం మీద బండి కదిలింది. ముద్ర పోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఫీజు కట్టాం, మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు, ఆర్డర్ బుక్, మాకు బాకీ ఉన్న కస్టమర్ల జాబితా ఇచ్చాం. ఏజెన్సీ నుంచి ఒక అమ్మాయి ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చింది, వెల్డింగ్ షెడ్డులో గంటసేపు తిరిగింది. వెళ్లేటప్పుడు మా సార్, "ఫీజు కొంచెం తగ్గించండమ్మా" అంటే, "ఆ విషయం నేను మాట్లాడకూడదు సార్, అది వేరే టీమ్" అంది. సార్‌కు అది పొగరులా అనిపించింది, నాకు మాత్రం ముచ్చటేసింది. రేటింగ్ పని చేసే మనిషి ఫీజు బేరంలో ఉండకూడదనేది నిబంధన, అది ఒక షెడ్డు గుమ్మంలో అమలవడం కళ్లారా చూశాను.

ఇక మీరడిగిన రిజిస్ట్రేషన్ సంగతి. 1999లో సెబీ దీనికి ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది, సర్టిఫికెట్ లేకుండా ఎవరూ రేటింగ్ వ్యాపారం చేయకూడదు. ఏజెన్సీకి ఉండాల్సిన కనీస నెట్‌వర్త్ (అప్పులు పోను మిగిలే సొంత ఆస్తి) మొదట 5 కోట్లు, 2018లో 25 కోట్లు చేశారు. ప్రమోటర్ బ్యాంకో, ఆర్థిక సంస్థో, అనుభవమున్న విదేశీ ఏజెన్సీయో, లేదా ఐదేళ్లుగా 100 కోట్ల నెట్‌వర్త్ ఉన్న కంపెనీయో అయి ఉండాలి. ఒక ఏజెన్సీ ఇంకో ఏజెన్సీలో 10 శాతం, ఆపైన వాటా పెట్టుకోకూడదు. సొంత ప్రమోటర్ బాండ్లకు తనే రేటింగ్ ఇచ్చుకోకూడదు. అన్నీ మంచివే. దేశం మొత్తం మీద రిజిస్టరైన ఏజెన్సీలు పట్టుమని పది కూడా లేవు, జాబితా సెబీ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఫోన్ చేసి "మేడమ్, రెండు రోజుల్లో రేటింగ్ సర్టిఫికెట్ ఇప్పిస్తాం" అనే ఏజెంట్లను ఐఎన్, సీఆర్ఏ అని మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, ఫోన్ పెట్టేస్తారు. రిజిస్ట్రేషన్ మనకు ఇంతవరకు పనికొస్తుంది.

అంతకుమించి దాన్ని నమ్ముకోవద్దు. రోడ్లలాంటి పెద్ద ప్రాజెక్టులకు డబ్బు సమకూర్చే ఐఎల్ అండ్ ఎఫ్ఎస్‌కు ట్రిపుల్ ఏ ఇచ్చినవి రిజిస్టరైన ఏజెన్సీలే. 2018 ఆగస్టు దాకా ట్రిపుల్ ఏ, సెప్టెంబరులో ‘డి’. హైదరాబాద్ వాళ్లకు ఆ పేరు కొత్తేమీ కాదు, సత్యం గొడవ తర్వాత ఆ కుటుంబం కంపెనీ మేటాస్ ఇన్‌ఫ్రాను తీసుకుంది వాళ్లే. తర్వాత 2019 డిసెంబరులో సెబీ మూడు ఏజెన్సీలకు తలా 25 లక్షలు జరిమానా వేసింది. వేల కోట్లు ఇరుక్కుపోయిన చోట 25 లక్షలు! అంతకంటే ఆ దెబ్బ తర్వాత వచ్చిన వెల్లడింపు నిబంధనలే నా దృష్టిలో పనికొచ్చినవి. 2018 నవంబరులో, 2019 జూన్‌లో వచ్చిన సర్క్యులర్ల వల్ల ఇప్పుడు ప్రతి ప్రెస్ రిలీజ్‌లో లిక్విడిటీ, అంటే వాయిదాలు కట్టడానికి చేతిలో డబ్బు ఆడుతోందా లేదా అన్న దాని గురించి విడిగా ఒక పేరా ఉంటుంది, ఏం జరిగితే రేటింగ్ పెరుగుతుందో, ఏం జరిగితే పడిపోతుందో రాయాలి. తాము ఇచ్చిన రేటింగుల్లో ఎన్ని చివరికి డిఫాల్ట్ అయ్యాయో కూడా ఏజెన్సీ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి.

మా పెద్దబావగారు విద్యుత్ శాఖలో రిటైరై, వచ్చిన డబ్బులో పది లక్షలు ఒక ఫైనాన్స్ కంపెనీ ఎన్‌సీడీల్లో (కంపెనీ జనం దగ్గర అప్పు తీసుకుని ఇచ్చే బాండ్లలో) పెడతానన్నారు. పేపర్లో తెలుగు ప్రకటన, వడ్డీ శాతం అరచేతంత, పక్కన ‘ఏ మైనస్, స్టేబుల్’. "రేటింగ్ ఉందమ్మా, ప్రభుత్వం ఇచ్చిందేగా" అన్నారు. ప్రభుత్వం ఇవ్వదు బావగారూ, ఆ కంపెనీయే డబ్బు కట్టి తెచ్చుకుంటుంది అని చెప్పి, ప్రెస్ రిలీజ్ తెరిచి, రేటింగ్ పడిపోయే కారణాల పేరా తెలుగులో చదివి వినిపించాను. మొండి బకాయిలు ఎంత దాటితే తగ్గిస్తారో అక్కడే ఉంది, ఆ ఏడాది బకాయిలు దానికి చాలా దగ్గర్లో ఉన్నాయి. రెండు లక్షలు పెట్టి ఊరుకున్నారు.

ఇక్కడ నాకు మండేది ఏంటంటే, డబ్బు అడిగే ప్రకటన తెలుగులో వేస్తారు, జాగ్రత్త చెప్పే కాగితం మాత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది. కనీసం ఆ ఒక్క పేరా తెలుగులో ఇవ్వమని సెబీ చెప్తే ఎంతమంది పెద్దవాళ్ల డబ్బు మిగులుతుందో. ఇంకొకటి, దయచేసి దీన్ని సిబిల్ స్కోరుతో కలపకండి. ఆ స్కోరు మనుషుల అప్పుల చరిత్రది, దానికి 2005 చట్టం వేరు, చూసేది రిజర్వ్ బ్యాంకు. మా బ్యాంకులో కొత్తగా చేరిన కుర్రాడే నన్ను "మీ కంపెనీ సిబిల్ రేటింగ్ ఎంత మేడమ్" అని అడిగాడు.

చిన్న కంపెనీల్లో అకౌంట్స్ చూసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈ రోజే రెండు పనులు చేయండి. ఏజెన్సీకి ఇచ్చిన మెయిల్ ఐడీ ఇప్పుడు ఎవరి దగ్గరుందో చూడండి, తర్వాత గూగుల్‌లో మీ కంపెనీ పేరు, పక్కన రేటింగ్ అని కొట్టి ఏం వస్తోందో మొదటి అక్షరం నుంచి చివరి పట్టిక దాకా చదవండి. మా దగ్గర ఇప్పుడు ముగ్గురికి వెళ్లే ఐడీ ఒకటి పెట్టాం, నెల మొదటి పనిదినాన పదకొండు లోపు స్టేట్‌మెంట్ నేనే పంపుతాను, సెలవులో ఉన్నా సరే.

రేటింగ్ మళ్లీ బీబీ ప్లస్‌కు వచ్చి చాలా రోజులైంది. సేఠ్ గారి ఉద్దెర మాత్రం 30 రోజుల దగ్గరే ఆగిపోయింది, 45 ఇంకా రాలేదు.