ఎర్ర జెండా ఎగిరే చోట సైకిలు సవారీ

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి రెండేళ్లుగా ఇంగ్లండులో ఆల్డర్‌షాట్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. ఆదివారమైతే మౌంటెన్ బైక్ తీసుకొని అడవి దారుల్లో పడతాడు. అదంతా సైన్యం శిక్షణకు వాడుకునే భూమి అట; అయినా జనాన్ని రానిస్తారట. మొన్న ఫోనులో మాట్లాడుతుంటే వెనక నుంచి తుపాకుల మోత వినిపించింది. అడిగితే నవ్వి, "అవి ఉత్త తూటాలేనమ్మా" అన్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు. వాడికి ఏం చెప్పమంటారు?
– ఒక తల్లి, దర్గామిట్ట, నెల్లూరు

జవాబు: మీ అబ్బాయి అబద్ధం చెప్పలేదమ్మా. ఆల్డర్‌షాట్‌లో 1854లో సైనిక శిబిరం వెలిసింది. చుట్టుపక్కల ఉన్న ఇసుక నేలలు, పైన్ తోపులు, తుప్పల మైదానాలు చాలావరకు రక్షణ శాఖవే అయినా, శిక్షణకు అడ్డు రానంత వరకు జనం అక్కడ తిరగడాన్ని ఆ శాఖ ఒప్పుకుంటుంది. మన పొలం గట్టు మీదుగా పక్క ఊరివాళ్లు నడిచిపోతుంటే మనమేమీ అనం, కాని నాట్ల వేళ అదే గట్టు మీదికి బండి తోలుకొస్తే ఊరుకోం కదా. అక్కడి లెక్కా అంతే.

సైకిలు విషయంలో ఆ దేశపు చట్టం కొంచెం చిక్కుగా ఉంటుంది. 1968 నాటి చట్టం గుర్రపు బాటల మీద సైకిలు తొక్కే హక్కు ఇచ్చింది గాని, నడిచేవారికీ గుర్రాలకూ ముందు దారి వదలాలన్న షరతుతో ఇచ్చింది. ఉత్త కాలిబాటలకు ఆ హక్కు లేదు. సైనిక భూముల్లో వీటికి తోడు స్థానికమైన ఉపనిబంధనలు కూడా ఉంటాయి కాబట్టి, గేటు దగ్గరి బోర్డును ప్రతిసారీ చదవమని చెప్పండి. పోయిన వారం తెరిచి ఉన్న దారి ఈ వారం మూసి ఉండవచ్చు.

ఇక తూటాల సంగతి. తుప్పల మైదానాల్లో జరిగే విన్యాసాలలో సాధారణంగా పేల్చేవి గుండు లేని ఉత్త తూటాలే. అయితే ఆ పక్కనే ఉన్న ఆష్ రేంజెస్ అనే కాల్పుల మైదానంలో పేల్చేవి అసలు తూటాలు. కాల్పులు ఉన్నప్పుడు అక్కడ పగలు ఎర్ర జెండాలు ఎగరవేస్తారు, రాత్రి ఎర్ర దీపాలు పెడతారు. కాల్పుల వేళలను ప్రభుత్వ వెబ్‌సైటులో ముందుగానే ప్రకటిస్తారు. చీమకుర్తి వైపు క్వారీలో మందు పేల్చే ముందు ఎర్ర జెండా పట్టుకొని దారికి అడ్డంగా నిలబడిన మనిషితో, "రెండు నిమిషాల్లో దాటిపోతాను" అని ఎవరూ వాదించరు. అక్కడా వాదించకూడదు.

తూటాల కంటే మీ అబ్బాయికి ఎక్కువగా ఎదురయ్యేవి వేరే ఉన్నాయి. ఆకులూ కొమ్మలూ ఒంటికి కట్టుకొని పొదల్లో బోర్లా పడుకున్న కుర్రసిపాయిలు పది అడుగుల దూరం వచ్చేదాకా కంటికి ఆనరు. నిన్న రాత్రి తవ్విన కందకం ఈ రోజు పొద్దున దారి మలుపులోనే ఉండవచ్చు; అడుగు ఎత్తున లాగిన తీగకు మతాబు లాంటి మంటగొట్టం కట్టి ఉండవచ్చు. అందుచేత దిగుడులో వేగం చూసుకొని మురిసిపోవడం ఆ నేల మీద తగదు. సిపాయిలు కనబడితే దిగి, సైకిలు నడిపించుకుంటూ, వాళ్లను అడిగి పక్కగా పోవడమే మర్యాద. రాత్రి సవారీ అయితే అసలు వద్దనే నా సలహా. చీకటికి అలవాటు పడిన కళ్లలో సైకిలు లైటు ఒక్కసారి పడిందంటే ఆ చూపు తిరిగి కుదురుకోవడానికి దాదాపు అరగంట పడుతుంది. ఆ రాత్రి వాళ్ల శిక్షణ ఆ మేరకు చెడినట్టే.

సైకిలు ఎగిరించడానికి మట్టి దిబ్బలు కట్టే సరదా కూడా కుర్రాళ్లలో ఉంది. చీకట్లో లైట్లు లేకుండా వచ్చే సైనిక వాహనానికి ఆ దిబ్బ ఎదురైతే ఏమవుతుందో వాళ్లు తలచుకోరు. పైగా ఆ తుప్పలలో నేల మీదా, నేలను అంటిన పొదల్లోనూ గూడు కట్టే నైట్‌జార్, వుడ్‌లార్క్, డార్ట్‌ఫోర్డ్ వార్బ్లర్ పిట్టల కోసం ఆ ప్రాంతాన్ని ప్రత్యేకంగా రక్షిస్తున్నారు. మార్చి నుంచి వేసవి చివరిదాకా బాట దిగకుండా తొక్కడం వాటి పిల్లలకు ప్రాణదానమే. పులికాట్ పక్షుల జిల్లాలో పుట్టిన అబ్బాయికి ఈ మాట మీరు చెబితే చాలు.

ప్రశ్న: మేము నలుగురం డిగ్రీ విద్యార్థులం, కొత్తగా గేరు సైకిళ్లు కొన్నాం. మా ఊరి బయట గుట్ట వెనక పోలీసులు తుపాకీ గురి సాధన చేస్తారంటారు. ఆదివారం చప్పుడేమీ ఉండదు. అక్కడ తొక్కుకోవచ్చా? దారిలో ఇత్తడి గొట్టాలు కూడా దొరికాయి.
– ఒంగోలు మిత్రులు

జవాబు: తొక్కవద్దు. చప్పుడు లేకపోవడం అనుమతి కిందికి రాదు. కాలేజీ రోజుల్లో నేను ఎన్.సి.సి.లో ఉన్నప్పుడు పాయింట్ టూ టూ రైఫిల్‌తో కాల్పించేవారు. అంత చిన్న గుండు కూడా అడ్డు లేకపోతే కిలోమీటరున్నర దాకా పోగలదని మొదటి పాఠంలోనే చెప్పారు. మన ప్రాంతపు గుట్టల్లో ఉన్నది మట్టి కాదు, నల్ల రాయి; రాయికి తగిలిన గుండు ఏ పక్కకు మళ్లుతుందో కాల్చినవాడికే తెలియదు. సాయంత్రం పేల్చిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలు లెక్క తేలేదాకా మమ్మల్ని ఇళ్లకు పంపేవారు కాదు. గడ్డిలో ఒక్కటి తక్కువైతే మోకాళ్ల మీద పాకి వెతికేవాళ్లం. అందుకే మీరు చూసినవి జేబులో వేసుకోకుండా, ఎక్కడ చూశారో గుర్తు పెట్టుకొని పోలీసు స్టేషనులో చెప్పండి. పేలినదో పేలనిదో చూసి తేల్చడం మన పని కాదు. కాశ్మీరులోని తోసమైదాన్ పచ్చిక బయలు 1964 నుంచి 2014 వరకు సైన్యపు కాల్పుల మైదానంగా ఉండేది. పేలకుండా మిగిలిన గుండ్ల వల్ల అక్కడి పశువుల కాపరులు, పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఆ గుట్ట మీద అంతగా మనసుంటే జిల్లా పోలీసు కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. వద్దంటే కొత్తపట్నం ఇసుక మీద తొక్కండి, ఇంటికొచ్చాక గొలుసు మంచినీళ్లతో కడిగి నూనె వేయండి. పెంచలకోన వైపు పోదలచుకుంటే అది పెనుసిల నరసింహ అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి లేనిదే లోపలికి దిగకండి.

ఇంతకీ సైన్యమూ జనమూ ఇలా ఒకే నేలను పంచుకోవడం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. 2024 మార్చిలో కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద వైమానిక దళం విన్యాసాలు చేసినప్పుడు లారీలు, బస్సులు అన్నీ పక్కదారి పట్టాయి.

ప్రశ్న: సైనిక ప్రాంతాల గుండా తొక్కిన దారిని ఫోను యాప్‌లో అందరికీ కనబడేలా పెడితే తప్పా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: తప్పే. స్ట్రావా అనే వ్యాయామ యాప్ తన వాడకందార్ల దారులన్నీ కలిపి ప్రకటించిన ప్రపంచ పటంలో, పరుగు తీసిన సిపాయిల అడుగుల వల్లే కొన్ని సైనిక స్థావరాల ఆకారాలు వెలుగు గీతలుగా బయటపడ్డాయని 2018 జనవరిలో తేలింది. సెట్టింగుల్లో ఆ సవారీని మీకు మాత్రమే కనబడేలా మార్చుకోండి. గేట్లు, వాహనాలు, మనుషులు పడిన ఫొటోలు అసలు తీయకండి.