డిజిటల్ పబ్లిషర్‌తో సంతకానికి ముందు: రొమాన్స్ రాసే అమ్మాయికి ఉత్తరం

అమ్మాయీ,

నవల పూర్తయిందనీ, ఒక డిజిటల్ పబ్లిషర్ అగ్రిమెంటు పంపాడనీ, సంతకం పెట్టాలా, సొంతంగా వేసుకోవాలా తేల్చుకోలేకపోతున్నాననీ రాశావు. ముందు ఒక కాగితం తీసుకుని మూడు గళ్లు గీసుకో. ఈ పబ్లిషర్ నీకు ఏ పని చేసిపెడతాడు? దానికి బదులుగా ఏ హక్కులు తీసుకుంటాడు? ఎన్నేళ్లు ఉంచుకుంటాడు? ఈ మూడూ నిండితే జవాబు నీకే తెలుస్తుంది.

ఒకప్పుడు పబ్లిషర్ చేతిలో ఉన్నది దారి. పుస్తకం అచ్చువేసి దుకాణందాకా చేర్చగలిగేది అతనే కాబట్టి రచయిత అతని షరతులకు తలూపేది. రొమాన్స్‌లో ఆ దారి మిగతా వాటికన్నా ముందే తెరుచుకుంది. 2000లో మొదలైన ఎలోరాస్ కేవ్ లాంటి చిన్న సంస్థలు, పెద్ద ప్రచురణసంస్థలు జంకిన ఘాటైన ప్రేమకథల్ని ఈబుక్కులుగా అమ్మి చూపించాయి. 2007 నవంబరులో అమెజాన్ ఈబుక్ పరికరం కిండిల్ వచ్చింది, దాంతోపాటే రచయిత నేరుగా పుస్తకం పెట్టుకునే వీలూ వచ్చింది. 2010లో అమెజాన్ 70 శాతం రాయల్టీ ఇవ్వడం మొదలుపెట్టింది. అదే ఏడాది రొమాన్స్‌కి పేరుపడ్డ పెద్ద సంస్థ హార్లెక్విన్ కూడా అడ్వాన్స్ లేకుండా, రాయల్టీ కాస్త ఎక్కువ ఇచ్చే పద్ధతిలో కరీనా ప్రెస్ అనే డిజిటల్ విభాగం తెరిచింది. ఇప్పుడు దారి అందరిదీ. పబ్లిషర్ దగ్గర మిగిలింది పనితనం: ఎడిటింగ్, కవరు, ధరల నిర్వహణ, ప్రచారం, అచ్చు పుస్తకాల పంపిణీ, అనువాద హక్కుల బేరం. ఆ పనికి కూలి ఇవ్వు. ఎత్తేసిన టోల్‌గేటు దగ్గర మాత్రం పాత సుంకం కట్టకు.

లెక్క ఒకసారి వేసి చూద్దాం. ఈబుక్ ధర 4.99 డాలర్లు అనుకో. అమెజాన్‌లో 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య ధర పెడితే 70 శాతం వస్తుంది, అంటే దాదాపు 3.49. కాకపోతే 70 శాతం లెక్కగట్టే ముందే ధరలోంచి ఫైలు సైజును బట్టి డెలివరీ ఖర్చు తీసేస్తారు, అమెరికా స్టోరులో ఎంబీకి 15 సెంట్లు. బొమ్మల్లేని నవల 0.6 ఎంబీ ఉంటే ధరలోంచి 9 సెంట్లు పోయి నీకు 3.43 మిగులుతుంది. అదే పుస్తకం పబ్లిషర్ వేస్తే, అతనికీ స్టోరు నుంచి దాదాపు 3.49 వస్తుందనుకుందాం. ‘నికర ఆదాయంలో 40 శాతం’ అని రాసి ఉంటే నీ వాటా 1.40. పెద్ద సంస్థలు మామూలుగా ఇచ్చే 25 శాతమైతే 87 సెంట్లు. సొంతంగా 1,000 కాపీలు అమ్మితే వచ్చే 3,430 డాలర్లు రావాలంటే మొదటి పబ్లిషర్ 2,450 కాపీలు, రెండో పబ్లిషర్ దాదాపు 3,940 కాపీలు అమ్మాలి. అయితే సొంతంగా వేస్తే ఎడిటర్, ప్రూఫ్, కవరు ఖర్చులు నీవే. వాటికి 1,400 పోయిందనుకో, నీకు మిగిలేది 2,030. అప్పుడు 40 శాతం ఇచ్చేవాడు 1,450 కాపీలు అమ్మితే చాలు. కాబట్టి పబ్లిషర్‌ని ‘మీ సంస్థలో కొత్త రచయిత మొదటి నవల మొదటి ఏడాది మామూలుగా ఎన్ని కాపీలు పోతుంది?’ అని నేరుగా అడుగు. అంకె చెప్పడానికి నీళ్లు నమిలితే అదీ ఒక జవాబే.

పబ్లిషరే నిన్ను డబ్బు కట్టమంటే, ఆ ఉత్తరం అక్కడితో మడిచి పెట్టేయ్. అతను ప్రచురణ సేవలు అమ్ముతున్నాడు. ఆ సేవలు నువ్వే విడివిడిగా కొనుక్కుంటే హక్కులన్నా నీ దగ్గర ఉంటాయి.

అగ్రిమెంటులో శాతం కంటే ముందు ‘నికర ఆదాయం’ అంటే ఏమని రాశారో చూడు. స్టోరు ఇచ్చిన డబ్బా, లేక అందులోంచి ప్రచార ఖర్చు, ఈబుక్ ఫైలుగా మార్చే ఖర్చు తీసేశాక మిగిలినదా? ఇంకో మెలిక ఉంది. సంస్థ తన సొంత అనుబంధ కంపెనీకే హక్కులు చవగ్గా ఇచ్చి, ఆ చవక మొత్తం మీద నీకు సగం లెక్కగట్టవచ్చు. కాగితం మీద 50 శాతం కనిపిస్తుంది, చేతికొచ్చేది కవరు ధరలో మూడు నాలుగు శాతం. సరిగ్గా ఇలాంటి ఆరోపణతోనే 2012లో రచయిత్రులు హార్లెక్విన్ మీద కోర్టుకెళ్లారు. 2016లో అది 41 లక్షల డాలర్ల రాజీతో ముగిసింది. ‘పాఠకుడికి అమ్మిన స్టోరు నుంచి ప్రచురణకర్తకు గానీ, అతని అనుబంధ సంస్థకు గానీ అందిన మొత్తం’ అనే మాట రాయించుకో. లెక్కల స్టేట్‌మెంట్ మూడు నెలలకొకసారి రావాలి. డిజిటల్ అమ్మకాల లెక్క ఆరు నెలలు ఆపాల్సిన అవసరమేదీ లేదు.

హక్కులు తిరిగొచ్చే క్లాజు దగ్గర బాగా ఆగు, చాలామంది చిక్కుకునేది ఇక్కడే. అచ్చు రోజుల్లో స్టాకు అయిపోతే పుస్తకం ‘అచ్చులో లేదు’ అని తేలిపోయేది. ఈబుక్‌కి స్టాకు అయిపోవడమంటూ లేదు. ఏడాదికి నాలుగు కాపీలు పోయినా అది ‘అమ్మకంలో ఉన్నట్టే’. అందుకని అంకె పెట్టించు: వరసగా రెండు లెక్కల కాలాల్లో నీకు అందిన రాయల్టీ ఇంత మొత్తానికి తగ్గితే, నువ్వు రాతపూర్వకంగా అడిగిన 60 రోజుల్లో హక్కులు నీకు వచ్చేయాలి. కాపీల సంఖ్య మీద పెట్టొద్దు. గడువు దగ్గరపడగానే ధర 99 సెంట్లకు దించి ఆ సంఖ్య దాటించడం సులువు. డబ్బు మీద పెడితే ఆ ఎత్తు పారదు. వీలైతే దీంతోపాటు గడువూ పెట్టించు: మూడేళ్లు, ఐదేళ్లు, మహా అయితే ఏడేళ్లు. ‘కాపీరైటు ఉన్నంతకాలం’ అనే మాట డిజిటల్ పబ్లిషర్ అగ్రిమెంటులో కనిపిస్తే, అతను చేసే పనికీ ఆ కాలానికీ పొంతన ఏమిటని అడుగు.

సంస్థలు మూతపడటం ఈ రంగంలో మామూలే. 2016 డిసెంబరు చివర్లో ఆల్ రొమాన్స్ ఈబుక్స్ అనే పెద్ద స్టోరు మూడు నాలుగు రోజుల ముందు చెప్పి మూసేసింది. రావాల్సిన చివరి త్రైమాసిక బాకీలో డాలరుకు పది సెంట్లు ఇస్తానంది. ఎలోరాస్ కేవ్ ఆ నెలాఖరుకే ఆగిపోయింది, సామ్‌హెయిన్ అనే ఇంకో రొమాన్స్ సంస్థ 2017 మొదట్లో మూతపడింది. ‘సంస్థ దివాలా తీస్తే హక్కులు రచయితవే’ అన్న వాక్యం చూసి ధైర్యం తెచ్చుకోకు. అమెరికాలో దివాలా కోర్టుకు వెళ్లాక ఆ వాక్యం చెల్లకపోవచ్చు, నీ అగ్రిమెంటును కూడా ఆస్తి కింద లెక్కేయవచ్చు. అంతకు ముందే పనిచేసే క్లాజు కావాలి: చెల్లింపు గానీ స్టేట్‌మెంట్ గానీ గడువు దాటి 30 రోజులైతే నోటీసు, ఆ తర్వాత ఇంకో 30 రోజుల్లో సరిచేయకపోతే అగ్రిమెంటు రద్దు. ఆలస్యం మొదలైన మొదటిసారే నోటీసు పంపు. మొహమాటపడి ఊరుకున్నవాళ్లు చివరి వరసలో నిలబడతారు.

ఇచ్చే హక్కులు ఒక్కొక్కటిగా విడదీయి. నీకు వచ్చింది డిజిటల్ పబ్లిషర్ కదా, ఈబుక్ హక్కు ఇవ్వు. ఆడియో, అనువాదం, సినిమా హక్కులతో అతనేం చేస్తాడో చెప్పలేకపోతే అవి నీ దగ్గరే ఉండాలి. ఇచ్చినా, 18 నెలల్లో వాడకపోతే వెనక్కి రావాలి. కృత్రిమ మేధ శిక్షణకు నీ వచనం వాడటం, యంత్రపు గొంతుతో చదివించడం, ఈ రెండింటికీ విడిగా నీ అనుమతి ఉండాలని రాయించు. కలం పేరు నీదే అని స్పష్టంగా ఉండాలి, లేకపోతే సంస్థ మారిన రోజున నీ పాఠకులు నిన్ను వెతుక్కోలేరు.

రొమాన్స్‌కి ప్రత్యేకమైన చిక్కు సిరీస్. నీ కథలో హీరో చెల్లెలు ఉంది, పక్కింటి డాక్టరు ఉన్నాడు, పాఠకులు వాళ్ల కథలూ అడుగుతారు. ‘తరువాతి రచన’ మీద పబ్లిషర్‌కి మొదటి హక్కు అని విశాలంగా రాసి ఉంటే, అసలు సంబంధం లేని నవల కూడా వాళ్ల బల్ల మీద నెలల తరబడి పడి ఉంటుంది. దాన్ని ‘ఇదే పాత్రలతో వచ్చే తరువాతి ఒక్క నవల’కు కుదించు. మూడు అధ్యాయాలు, కథాసారం పంపిన 30 రోజుల్లో జవాబు రాకపోతే నీ ఇష్టం. దీనికన్నా నిశ్శబ్దంగా దెబ్బతీసేది ఇంకొకటుంది. మొదటి పుస్తకం పబ్లిషర్ దగ్గర, నాలుగోది నీ సొంతం అయితే, నాలుగోది విడుదలయ్యే వారం మొదటిదాని ధర 99 సెంట్లకు దించడం నీ చేతుల్లో ఉండదు. సిరీస్ అమ్మకాలన్నీ మొదటి పుస్తకం తలుపు గుండానే నడుస్తాయి. కాబట్టి సిరీస్‌ని ముక్కలు చేయకు, మొత్తం ఇవ్వు లేదా మొత్తం ఉంచుకో.

అతని ఫైలులో చివరి పేజీ ఎలా ఉంటుందో కూడా అడుగు. కథ ముగిసిన మరుక్షణం పాఠకురాలు ఇంకా ఆ జంటనే తలుచుకుంటూ ఉంటుంది. ఆ పేజీలో నీ తరువాతి పుస్తకం లింకు, దాని కింద నీ న్యూస్‌లెటర్ లింకు ఉండాలి. చాలా సంస్థలు అక్కడ తమ న్యూస్‌లెటర్ పెట్టుకుంటాయి. అలా చేరిన ఈమెయిళ్లు వాళ్ల ఆస్తి. ఏ సంస్థ వచ్చినా పోయినా నీ వెంట వచ్చేది నీ సొంత ఈమెయిల్ జాబితా ఒక్కటే, దాన్ని వదులుకోకు.

ఇంతా చెప్పి పబ్లిషర్ వద్దంటున్నానని అనుకోకు. పుస్తకాల దుకాణాల్లో, సూపర్ మార్కెట్లలో అచ్చు ప్రతి కనిపించాలంటే ఇప్పటికీ పెద్ద సంస్థే కావాలి. సొంతంగా అచ్చువేస్తే అమ్ముడుపోని కాపీలు తిరిగొచ్చే భారం మోయలేం. 2021లో సోర్స్‌బుక్స్ అనే అమెరికన్ ప్రచురణసంస్థ మొదలుపెట్టిన బ్లూమ్ బుక్స్ లాంటి విభాగాలు, సొంతంగా వేసుకుని పాఠకుల్ని సంపాదించుకున్న రొమాన్స్ రచయిత్రుల పుస్తకాలు తీసుకుని అచ్చులో దుకాణాలకు చేర్చాయి. అచ్చు వాళ్లకు, ఈబుక్ నీకు అనే పద్ధతి కుదిరితే నా లెక్కలో అంతకు మించిన బేరం లేదు, కానీ అది అమ్మకాలు చూపించినవాళ్లకే దొరుకుతుంది. మంచి ఎడిటర్ ఉన్న చిన్న సంస్థ కూడా మొదటి నవలకు మేలు చేస్తుంది. ఎడిటర్ పేరు అడిగి, అతను చూసిన రెండు పుస్తకాల నమూనా అధ్యాయాలు చదివి తేల్చుకో.

సొంతంగా వేస్తే ఆ పనులన్నీ నీ నెత్తినే. ఎడిటింగ్ రెండు విడతలు: కథ నిర్మాణం ఒకరు, భాష, ప్రూఫ్ ఇంకొకరు. కవరు ఎత్తు 2,560, వెడల్పు 1,600 పిక్సెళ్లు, కానీ ఫోనులో బొటనవేలంత సైజులో చూసి ఆమోదించు. ఆ సైజులో అది తియ్యటి కథో ఘాటు కథో తెలియకపోతే తప్పు పాఠకులొచ్చి తిట్టిపోతారు. రచయితలు నేరుగా పుస్తకం పెట్టుకునే అమెజాన్ వేదిక కేడీపీలో 7 కీవర్డ్ పెట్టెలు, 3 విభాగాలు ఇస్తారు. ‘ప్రేమ’, ‘నవల’ అని వృథా చేయక ‘ఉత్తుత్తి పెళ్లి’, ‘శత్రువులు ప్రేమికులవడం’ లాంటి, పాఠకులు నిజంగా వెతికే కథాసూత్రాలు రాయి. ఉచిత నమూనాగా కనిపించేది పుస్తకం మొదట్లోని కాస్త భాగమే. కృతజ్ఞతలూ అంకితాలూ వెనక్కి నెట్టి, కథను ముందుకు తే. ప్రీఆర్డర్ (విడుదలకు ముందే కొనుగోళ్లు) పెడితే విడుదలకు 72 గంటల ముందే తుది ఫైలు ఎక్కించి, దింపుకుని తెరిచి చూడు. చిత్తుప్రతి అలాగే పాఠకుల ఫోనుల్లోకి వెళ్లిపోవడం తరచూ జరిగే ప్రమాదం.

నెలచందా కట్టి ఈబుక్కులు చదువుకునే అమెజాన్ పథకం కిండిల్ అన్‌లిమిటెడ్‌లో రొమాన్స్ విపరీతంగా చదువుతారు. అందులో చేరాలంటే కేడీపీ సెలెక్ట్ అనే ఏర్పాటులో చేరాలి, ఆ 90 రోజులు ఈబుక్ మరే స్టోరులోనూ అమ్మకూడదు, నీ సొంత సైటులో కూడా. అచ్చుకీ ఆడియోకీ ఆ షరతు లేదు. 2015 జులై నుంచి చదివిన పేజీలను బట్టి డబ్బు ఇస్తున్నారు, పేజీ రేటు నెలనెలా మారుతుంది. 90 రోజులయ్యాక అదంతట అదే కొనసాగుతుంది కాబట్టి ఆ కొనసాగింపు టిక్కు చేరిన రోజే తీసేయ్. బయటి స్టోర్లకు వెళ్లాలనుకున్నప్పుడు నీదే నిర్ణయం. పబ్లిషర్ వేస్తున్నా ఈ ప్రశ్న అడగాల్సిందే, ఎందుకంటే ఒక పుస్తకం కిండిల్ అన్‌లిమిటెడ్ లోపల, ఇంకోటి బయట ఉంటే సిరీస్ మధ్యలో పాఠకులు జారిపోతారు.

ఎప్పుడైనా హక్కులు వెనక్కి తీసుకోవాల్సి వస్తే, అగ్రిమెంటు తేదీ, క్లాజు నంబరు, రెండు స్టేట్‌మెంట్ల అంకెలు వేసి ఈమెయిల్ పంపు. హక్కులు తిరిగిచ్చామనే ఉత్తరం సంతకంతో తెప్పించుకుని భద్రపరుచు. పాత ప్రతి అన్ని స్టోర్లలోంచీ పోయేదాకా కొత్తది ఎక్కించకు. అదే వచనం ఇంకోచోట కనబడితే అమెజాన్ హక్కుల రుజువు అడుగుతుంది, అప్పుడు పనికొచ్చేది ఆ ఉత్తరమే. పాత కవరు సాధారణంగా సంస్థదే, కొత్తది చేయించుకోవాలి. ఎడిట్ చేసిన వచనం వాడుకోవచ్చా అన్నది ఇప్పుడే అగ్రిమెంటులో తేల్చుకో.

ఈ వారం చేయాల్సింది: ఆ పబ్లిషర్‌కి నాలుగు మార్పులు రాసి పంపు. నికర ఆదాయం నిర్వచనం, డబ్బు అంకెతో హక్కుల వాపసు, తరువాతి రచన క్లాజు కుదింపు, చివరి పేజీలో నీ న్యూస్‌లెటర్ లింకు. మర్యాదగా, ఒక్క పేజీలో. అతను రెండు ఒప్పుకుని రెండు బేరమాడితే మాట్లాడదగ్గ మనిషే, అతని జవాబు నాకు పంపు, కలిసి చూద్దాం. ‘మా అగ్రిమెంటు అందరికీ ఒకటే’ అంటే నవల ఎడిటర్‌కి పంపించి, కవరు చేసేవాళ్ల నమూనాలు చూడటం మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ