డైనో మీద 251, కంపెనీ లెక్కలో 300: ఏది నిజం?

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో పోర్షే 718 కేమన్ (మాన్యువల్) కొన్నాను. కంపెనీ లెక్క 300 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్). మే నెలలో ఒక గ్యారేజీలో డైనో (కారు చక్రాలను రోలర్ల మీద తిప్పి పవర్ కొలిచే యంత్రం) మీద పెడితే 251 వచ్చింది, మూడో రన్‌కి 238కి పడింది. ఇంకోచోట 276 చూపించారు. ఫోన్ యాప్‌లో 0 నుంచి 100 కి.మీ. వేగానికి ఒకసారి 5.2 సెకన్లు, మరోసారి 6.1. పవర్ పడిపోయింది, రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించమంటున్నారు. షీట్లు పంపుతున్నాను. చేయించాలా?
– ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: వద్దు. షీట్లు చూశాను, మీ ఇంజిన్ బాగానే ఉంది.

కంపెనీ చెప్పేది ఇంజిన్ దగ్గరి పవర్. డైనో రోలర్లు కొలిచేది గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, టైర్లు దాటి చక్రాలకు చేరిన పవర్. దారిలో 10 నుంచి 15 శాతం పోవడం మామూలే. పైగా 300 పీఎస్ అంటే సుమారు 296 బీహెచ్‌పీ (బ్రేక్ హార్స్‌పవర్, పీఎస్ కంటే కాస్త పెద్ద కొలత). మీ షీట్ బీహెచ్‌పీలో ఉంది. 296లో 15 శాతం తీసేస్తే దాదాపు 251 మిగులుతుంది.

మరి 276 ఎక్కడిది? రెండో షీట్ మూలన ‘ఎస్‌ఏఈ’ అని ఉంది చూడండి. వాతావరణం ఎలా ఉన్నా ఫలితాలను పోల్చుకోవడానికి వాడే సవరణ అది. 25 డిగ్రీల వేడి, 99 కిలోపాస్కల్ పొడిగాలి పీడనం ప్రామాణికంగా తీసుకుంటుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైనే ఉంది, మే మధ్యాహ్నం 40 డిగ్రీలు. ఆ ఫార్ములా ఇక్కడ దాదాపు పది శాతం కలిపేస్తుంది. 251కి పది శాతం కలిపి చూడండి, 276 వస్తుంది. అంటే రెండు గ్యారేజీలూ కొలిచింది ఒకటే.

కానీ మీది టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఉన్న కారు, దానికి ఈ సవరణ అంతగా నప్పదు. టర్బో లేని ఇంజిన్‌కి పల్చటి గాలి నేరుగా నష్టమే. టర్బో ఇంజిన్‌లో ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) తనకు కావలసిన పీడనం వచ్చేదాకా టర్బోని ఇంకాస్త వేగంగా తిప్పించి ఆ లోటును చాలావరకు పూడ్చుకుంటుంది. పూడ్చుకున్నదానికే మళ్లీ పది శాతం కలపడం సరికాదు. అందుకే ఎప్పుడూ సవరణ లేని అంకె అడిగి తీసుకోండి.

238 చూసి టెన్షన్ పడకండి గానీ, నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది ఆ అంకే. కేమన్ ఇంజిన్ సీట్ల వెనక ఉంటుంది, గాలి పక్కనున్న సందుల్లోంచి వెళ్లాలి. షెడ్డులో ముందు పెట్టిన ఫ్యాన్ గాలి అక్కడికి సరిగ్గా చేరదు. రన్ మీద రన్ చేస్తుంటే లోపలికి వెళ్లే గాలి వేడెక్కుతుంది, ఇంజిన్ నాక్ అవకుండా (పెట్రోలు అదుపు తప్పి మండకుండా) ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్‌ని, అంటే స్పార్క్ పడే క్షణాన్ని, వెనక్కి జరుపుతుంది, పవర్ తగ్గుతుంది. అది రక్షణ, లోపం కాదు. బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర ఎండలో అరగంట పాకాక యాక్సిలరేటర్ తొక్కితే మీకు అందేది మొదటి రన్ పవర్ కాదు, దాదాపు ఈ మూడో రన్ పవరే. రీమ్యాప్‌తో బూస్ట్ (టర్బో నెట్టే గాలి పీడనం) పెంచితే ఈ వేడి ఇంకా పెరుగుతుంది.

ఇక యాప్. చాలా ఫోన్లు జీపీఎస్ వేగాన్ని సెకనుకు ఒక్కసారే నమోదు చేస్తాయి. ఐదు సెకన్ల పరుగులో దొరికేవి ఐదారు బిందువులే, దాంతో సెకను తేడా రావడం వింతేమీ కాదు. మాన్యువల్ కేమన్‌కి కంపెనీ చెప్పే 5.1ని పదో వంతు దాకా సరిచూడాలంటే సెకనుకు కనీసం పదిసార్లు కొలిచే విడి జీపీఎస్ బాక్స్ కావాలి. రోడ్డు వాలు, పక్కన కూర్చున్న మనిషి బరువు కూడా లెక్కలోకి వస్తాయి. నిలబడి బయలుదేరేటప్పుడు టైర్లు జారితే టైమ్ పాడవుతుంది కాబట్టి, మూడో గేర్‌లోనే ఉంచి 60 నుంచి 100కి పట్టే సమయం కొలవండి. దయచేసి ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద మాత్రం వద్దు. అక్కడ గరిష్ఠ వేగం 120 అయినా, పక్క లేన్‌లో కుటుంబాలతో వెళ్లేవాళ్లు ఉంటారు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ట్రాక్ ఉంది, ట్రాక్ డే చూసుకుని వెళ్లండి.

డైనో వృథా అనను. అదే డైనో, అదే గేరు, అదే పెట్రోలు, అదే పూట: ఏదైనా పని చేయించేముందు, తర్వాత పోల్చుకోవడానికి దాన్ని మించింది లేదు. అప్పుడు కూడా పైనున్న ఒక్క అంకె కాకుండా టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) గీత మొత్తం చూడండి. ఈ ఇంజిన్ 1950 నుంచి 4500 ఆర్‌పీఎం దాకా 380 న్యూటన్ మీటర్లు ఇస్తుందని కంపెనీ చెబుతుంది. మీ షీట్‌లో బూస్ట్ అందుకున్న తర్వాత ఆ భాగం బల్లపరుపుగానే ఉంది. ఎప్పుడైనా మధ్యలో కుంగితే ముందు బూస్ట్ పైపుల్లో లీక్ ఉందేమో చూపించండి.