తాళాల గుత్తి

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి తమ్ముడికి,

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన రెండు కథలూ అందాయి. ముందు ఉత్తరం చివర నువ్వు రాసి, కొట్టేసి, మళ్ళీ రాసిన వాక్యం గురించి మాట్లాడాలి. జనవరిలో బెజవాడ పుస్తకాల పండగలో కొన్న నవల, కోటీశ్వరుల ఇంటి గొడవలన్నీ తెల్లవార్లూ చదివి, పొద్దున్నే ఆటో తుడుచుకుంటున్న నాన్న మొహం చూడలేకపోయానన్నావు. ఒక్కరి దగ్గర అంత డబ్బు పోగవడమే అన్యాయమని నమ్మేవాడివి, ఆ ఇళ్ళ కథలంటే ఎందుకింత ఇష్టమో అర్థం కావట్లేదన్నావు.

ఆ ఇష్టాన్ని ఉండనీ తమ్ముడూ. ఆ సిగ్గునూ ఉండనీ. నలభై ఏళ్ళుగా నేను రెండింటినీ దగ్గర పెట్టుకునే రాస్తున్నాను.

మా అమ్మ మిరపకాయలకు తొడిమలు తీసే కూలికి వెళ్ళేది. సీజన్లో రాత్రిళ్ళు చేతులు భగభగమంటుంటే కొబ్బరినూనె రాసుకుని, అన్నం నాతో కలిపించుకునేది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఓ రోజు కూలి డబ్బుల కోసం వెళ్తూ షావుకారు ఇంటికి నన్ను తోడు తీసుకెళ్ళింది. వరండా మెట్ల మీద కూర్చున్నాం. లోపల పెద్దావిడ తిరుగుతోంది, మొలలో తాళాల గుత్తి. ఆ చప్పుడు దగ్గరైతే కోడళ్ళ మాటలు ఆగిపోయేవి. ఉన్నట్టుండి ఆవిడ ఆ గుత్తి తీసి చిన్నకోడలి చేతిలో పెట్టింది. పెద్దకోడలు పక్కనే పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తలెత్తలేదు. కానీ ఈనెలు తీసేసిన కాయల్నే గిన్నెలోంచి ఒక్కొక్కటీ తీసి, లేని ఈనె కోసం మళ్ళీ వెతకడం మొదలుపెట్టింది.

నేను ఆ చేతులనే చూస్తూ ఉండిపోయాను. గుమాస్తా వచ్చి రెండు రోజుల కూలి కోసి ఇచ్చాడన్న సంగతి, దారిలో అమ్మ చెప్తే గానీ నాకు తెలియలేదు.

ఆ రాత్రి పెద్దకోడలిని తలుచుకుని ఏడ్చాను. అది తప్పని నాకు ఈ రోజుకీ అనిపించలేదు. కోసిన ఆ కూలి డబ్బులూ మర్చిపోలేదు. నా కథలన్నీ ఆ మెట్ల మీద కూర్చుని రాసినవే, అక్కడి నుంచి రెండూ కనపడతాయి.

ఆ కథలు మనల్ని ఎందుకు పట్టుకుంటాయో చెప్తాను. లేనింట్లో బిడ్డకి జ్వరమొస్తే ఏ ఆసుపత్రికి వెళ్ళాలో జేబు చెప్తుంది. అన్నకి సాయం చెయ్యని తమ్ముడు ‘నా దగ్గర లేదు’ అంటే అది నిజమే కావచ్చు. కలిగినింట్లో ఆ మాట చెల్లదు. ఇవ్వలేదంటే ఇవ్వబుద్ధి కాలేదనే. మనిషి దాక్కోవడానికి చోటు దొరకదు. ఇంత ఉండి ఇంకా ఎందుకు గుంజుకుంటారన్న ప్రశ్న నిన్ను వేధిస్తోంది కాబట్టే పేజీ తిప్పుతున్నావు. పట్టుచీరలూ వెండికంచాల వర్ణన కూడా నాకు ఇష్టమే. అందమైన వస్తువు అందంగానే ఉంటుంది, దానికి క్షమాపణ అక్కర్లేదు.

ఇదేమీ ఇప్పటి రోగం కాదు. మన పల్నాటి కథ ఏమిటి? రాజ్యం పంచుకోలేక తన్నుకున్న అన్నదమ్ముల ఇంటి గొడవే కదా, మధ్యలో ఓ కోడిపందెం. కారంపూడిలో ఏటా కార్తీకంలో వీరుల ఉత్సవాలకు వచ్చే జనంలో సెంటు భూమి లేనివాళ్ళు ఎంతమందో! ఆ కథ చెప్పినవాళ్ళు రాజుల గొడవతో ఆపలేదు, అన్ని కులాలవాళ్ళూ ఒకే చాప మీద కూర్చుని తిన్న బ్రహ్మనాయుడి చాపకూడునూ అందులో నిలబెట్టారు. నీ ఇబ్బందిని కథలోకి తీసుకురావడమంటే ఇదే. చివరి అధ్యాయంలో ధనవంతుణ్ణి దివాళా తీయించి కసి తీర్చుకోవడం కాదు. ఆ పని నేను ఒక నవలలో చేశాను, ఇప్పటికీ దాన్ని చదువుకోలేను.

ఇక నీ రెండో కథ. పాలరాయి మెట్లు, షాండ్లియర్, చేతిలో విస్కీ గ్లాసుతో మామగారు. ఇవి నువ్వు చూసినవి కావు, సినిమా సెట్టింగులు. నాకు తెలిసిన ఓ పెద్దావిడకి మూడు కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి. స్వీటు ప్యాకెట్టుకి కట్టిన దారం ఇప్పటికీ ఉండ చుట్టి దాస్తుంది. అలాంటిది చూడు. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా రాయి. నీ షావుకారు ఏం చేస్తాడో కథలో ఎక్కడా లేదు. మిర్చి కమీషన్ వ్యాపారమనుకో. రైతుకి పెట్టుబడికి అప్పిస్తాడు, నూటికి నెలకి రెండు రూపాయల వడ్డీ. ఏడాదికి ఇరవై నాలుగు. ప్రామిసరీ నోటు రాయించుకుంటాడు. పంట ఇతని కొట్టుకే రావాలి, ఇంకెక్కడా అమ్మడానికి లేదు. వచ్చాక తాలుకాయలని కొంత, తరుగని కొంత పోతుంది. ఇదంతా వ్యాసంలా చెప్పకు. అన్నం తింటూ కొడుకుతో ‘ఆ నోటు తిరగరాయించావా’ అని అడిగితే చాలు, పాఠకుడికి ఆ వెండికంచం బరువు తెలుస్తుంది.

నీ కథలో అక్కాచెల్లెళ్ళున్నారు, వాళ్ళని వృథా చేశావు. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి పిత్రార్జితంలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా వచ్చింది, కానీ ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకి లేదు. కేంద్రం చట్టం 2005లో ఆ తేడా తీసేసేనాటికి చాలా ఇళ్ళలో పంపకాలు అయిపోయాయి. అక్క పెళ్ళి 84 వేసవిలో, చెల్లెలి పెళ్ళి 86లో జరిగిందనుకో. అక్కకి పసుపుకుంకుమ కింద రెండెకరాలిచ్చి సరిపెట్టారు. చెల్లెలికి వాటా ఉంది. చెల్లెలు తన హక్కు వదులుకుంటున్నట్టు రాసిన కాగితం పట్టుకుని అన్నయ్య, పండక్కి చీర పెట్టి మరీ ఆమె సంతకం అడుగుతున్నాడు. అక్క ఆ గదిలోనే ఉంది. ఏమంటుంది? నువ్వే రాయాలి. ఇద్దరూ కలిగినవాళ్ళే, ఎవరూ పస్తుండరు. అయినా ఆ గదిలో నాకు ఊపిరాడట్లేదు.

ఫిబ్రవరిలో ఒక పూట గుంటూరు రా. బెజవాడ బస్టాండులో పొద్దున్నే బస్సెక్కితే గంట ప్రయాణం. మిర్చి యార్డుకి తీసుకెళ్తాను. టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, మోసే హమాలీల పక్కన ఒక గంట, కమీషన్ కొట్టులో గల్లాపెట్టె పక్కన ఒక గంట కూర్చో. ఘాటుకి తుమ్ములు ఆగవు, పెద్ద రుమాలు తెచ్చుకో. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. ఆ రెండో కథ కాగితాలు కూడా పట్టుకురా, అక్కాచెల్లెళ్ళున్న పేజీ దగ్గర నుంచి మొదలుపెడదాం.

ఆశీస్సులతో,
అక్క