పట్టేసిన బ్రేకును సుత్తితో కొట్టే ముందు

చిరంజీవి అబ్బాయికి,

ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. నువ్వు టెక్సాస్‌లో కొన్న ఐదెకరాలతో పాటు షెడ్డులో మూలనపడ్డ హోండా ఫోర్‌ట్రాక్స్ 300, ఆ పొలాల్లో తిరిగే నాలుగు చక్రాల బండి, కూడా వచ్చిందన్నావు. 1988 నుంచి 2000 దాకా వచ్చిన మోడల్ అది. ఇంజను మొండిది, కాస్త బతిమాలితే లేస్తుంది. ముందు చక్రాల బ్రేకులే దాని బలహీనత. బ్రేకును కప్పి ఉండే డ్రమ్ముల్లోకి ఒకసారి బురదనీళ్లు దూరాయంటే బయటికి పోవు, లోపలే కూర్చుని తుప్పు పట్టిస్తాయి.

చక్రం తిరగడం లేదు, సుత్తి పుచ్చుకుంటానన్నావు. ఆగరా. ఎక్కడ పట్టేసిందో తేలకుండా ఏదీ విప్పకు. బండి ఎత్తి, ఫ్రేము కింద గట్టి స్టాండ్లు పెట్టి న్యూట్రల్‌లో ఉంచు. ఫోర్ బై ఫోర్ అయితే నాలుగు చక్రాలూ నేల వదలాలి, లేదంటే ముందు చక్రం వెనక వాటిని కూడా లాగాల్సి వచ్చి నిన్ను తికమక పెడుతుంది.

ఇప్పుడు పట్టేసిన ముందు చక్రం దగ్గరి బ్లీడర్ నిపుల్, అంటే బ్రేకులోంచి గాలి తీసే చిన్న స్క్రూ, కొంచెం వదులు చెయ్యి. ఫ్లూయిడ్ చిమ్మి చక్రం తిరిగిందా, డ్రమ్ములో తప్పు లేదు, పైపుల్లో ప్రెషర్ నిలిచిపోయింది. నిపుల్ బిగించి, హ్యాండిల్ మీది బ్రేకు లీవరు నొక్కి మళ్లీ పట్టేలా చేసి, ఈసారి మాస్టర్ సిలిండర్ (లీవరు నొక్కితే ఫ్లూయిడ్‌ను తోసేది) దగ్గర పైపు వదులు చెయ్యి. అక్కడ వదిలిందంటే మాస్టర్ సిలిండర్‌లో ఫ్లూయిడ్ వెనక్కి వెళ్లే సన్న కన్నం పూడుకుపోయింది. అక్కడా వదల్లేదంటే రబ్బరు హోసు లోపల వాచి ఉంటుంది. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, ఫ్లూయిడ్‌ను పోనిస్తుంది కానీ తిరిగి రానివ్వదు. నిపుల్ తెరిచినా చక్రం కదలకపోతేనే డ్రమ్ము విప్పే పని.

ఆ నిపుల్ దగ్గరే నా పరువు పోయింది. మన ఊళ్లో నాన్నగారి పాత జీపుకు పెళ్లి ప్రయాణం తొందరలో మామూలు స్పానర్ వేసి ఒక్క గుంజు గుంజాను. సగం చేతికొచ్చింది, సగం సిలిండర్లోనే ఉండిపోయింది. పెళ్లికి బస్సులో వెళ్లాం. నువ్వు ముందురోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ వేసి ఉంచు. ఆరు మూలల బాక్స్ స్పానర్ పెట్టి, తల మీద మెల్లగా తట్టి, ముందు వెంట్రుకవాసి బిగించి, ఆ తర్వాత వదులు చెయ్యి. వేడి చేయాల్సి వస్తే మాత్రం బ్రేక్ క్లీనర్ చల్లిన చోట మంట పెట్టకు. కొన్ని రకాల క్లీనర్లు మంట తగిలితే విషవాయువు అవుతాయి.

డ్రమ్ము రాకపోతే లాగి చంపకు. దాని మీద రబ్బరు మూత ఉన్న చిన్న కన్నంలోంచి స్క్రూడ్రైవర్‌తో అడ్జస్టర్ తిప్పి, డ్రమ్ముకు ఒరిసే బ్రేకు షూలను లోపలికి తెచ్చుకో. విప్పాక ఆ దుమ్మును గాలి కొట్టి ఊదొద్దు. షూల మీది పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిపి తుడువు.

ఒక్కో వైపు డ్రమ్ములో షూలను తోసే వీల్ సిలిండర్లు రెండుంటాయి. పిస్టన్ బిగుసుకుపోతే ప్లయర్స్‌తో పీకకు, గీతలు పడతాయి. పైపు ఊడదీయకుండానే లీవరు నొక్కుతూ ఉండు, ఫ్లూయిడే తోసేస్తుంది. కదిలేదాన్ని క్లాంపుతో ఆపితే బలమంతా మొండిదాని మీద పడుతుంది. లోపల పైపై మరకలైతే సన్న వాటర్ పేపర్‌తో పోతాయి. గోరు తట్టే గుంటలుంటే కొత్త సిలిండర్ కొను. గుంటల మీద కొత్త వాషర్లు వేసి నాలుగు డాలర్లు మిగిలాయనుకునేవాళ్లు నెల తిరక్కుండా అదే డ్రమ్ము మళ్లీ విప్పుతారు. నేనూ విప్పాను.

మనవాళ్లకు ఏదైనా డీజిలుతో కడిగే అలవాటు కదా, ఇక్కడ అది పనికిరాదు. రబ్బరు వాషర్లు ఉబ్బిపోతాయి. కడగడానికి బ్రేక్ క్లీనర్, బిగించేటప్పుడు తడపడానికి బ్రేక్ ఫ్లూయిడ్, అంతే. మాస్టర్ సిలిండర్ మూత మీద రాసిన రకం ఫ్లూయిడే పొయ్యి, అదీ సీలు తియ్యని డబ్బాలోది. తెరిచిన డబ్బా గాలిలో తేమ తాగుతుంది, ఆ తేమే సిలిండర్లకు తుప్పు. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడిగెయ్యి.

వెనక బ్రేకుకు ఈ గొడవ లేదు, కేబులే. కేబుల్ లాగే ఆర్మ్ నుంచి దాన్ని విప్పితే చక్రం తిరిగిందా, కేబుల్ మార్చు. తిరగలేదా, లోపల షూలను విడదీసే కామ్ పట్టేసింది. తీసి శుభ్రం చేసి, వేడికి కరగని గ్రీజు పలచగా రాయి.

మళ్లీ బిగించేటప్పుడు చక్రం నట్టు ఊడకుండా ఆపే కాటర్ పిన్ను కొత్తది వెయ్యి. నిపుల్ గుండా పైపుల్లోని ఎయిర్ పూర్తిగా తీశాక లీవరు రాయిలా గట్టిగా ఉండాలి. డ్రమ్ము అంచున ఉండే పెద్ద రబ్బరు సీలు ఫొటో తీసి పంపు. అది చిరిగితే నువ్వు చేసిందంతా వచ్చే వానకే మళ్లీ మొదటికొస్తుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న