టీసీ దాటిపోయాక

అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది. ఎరుకల భాషలో రాస్తే ఏ బహుమతికైనా పనికొస్తుందా, లేక తెలుగులోనే రాసుకోమంటారా అని అడిగావు. ఉన్నమాట చెప్తా. కేంద్ర సాహిత్య అకాడెమీ ఏటా అవార్డులిచ్చేది 24 భాషలకు. యువ పురస్కారమూ ఆ భాషలకే. మీ భాష ఆ లిస్టులో లేదు. లిస్టు బయట ఉన్న భాషల కోసం 1996లో భాషా సమ్మాన్ పెట్టారు గానీ, అది ఏళ్ళ తరబడి చేసిన సేవకు ఇచ్చేది, మొదటి కథకు వచ్చేది కాదు. సంతాలీ కూడా ఒకప్పుడు బయటిదే. 2003లో రాజ్యాంగ సవరణతో ఎనిమిదో షెడ్యూల్లోకి ఎక్కాకే అకాడెమీ అవార్డు దాకా వచ్చింది. వాళ్ళకు లక్షల జనం, సొంత లిపి, వెనక ఉద్యమం ఉన్నాయి. కావలిలో కూర్చుని తెలుగు లిపిలో రాసుకుంటున్న నీకు అవేవీ లేవు. తెలిసే దిగు.

మెక్సికోలో అక్కడి మూలవాసుల భాషలకు 1993 నుంచి ఒక బహుమతి ఉంది. మూలంతో పాటు స్పానిష్ అనువాదమూ పంపాలి. రేపు మన దగ్గర ఎవరు పెట్టినా ఇంతే, జడ్జీలు చదివేది తెలుగు ప్రతినే. చిక్కంతా అక్కడే. వాళ్ళకేం నచ్చుతుందో చూసుకుని రాయడం మొదలవుతుంది. నీ మూడో పేజీ చూడు. సోది, బుట్టలు, పందులు, పచ్చబొట్లు అన్నీ వరసపెట్టి వచ్చేశాయి. మీ ఇంట్లో సోది చెప్పేవాళ్ళే లేరని నువ్వే అన్నావు గదా! మరి ఆ పేజీ ఎవరికోసం? తీసెయ్యి.

ఇంకోచోట, స్టేషన్లో మీ అమ్మా పిన్నీ చీటీ డబ్బుల మీద మీ భాషలో దెబ్బలాడుకుంటుంటారు. టీసీ కనపడగానే గొంతు తగ్గించి తెలుగులోకి మారిపోతారు. ఆయన అటు దాటాడో లేదో, పిన్ని తిట్టు ఆపిన చోటు నుంచే అందుకుంటుంది. నాలుగు లైన్లలో తేల్చేశావు దాన్ని. కథంతా అదేనే పిచ్చిపిల్లా! కులాలకు కులాలనే పుట్టు దొంగలుగా ముద్రవేసిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చాక కావలిలో సెటిల్మెంట్ అని నిఘా కాలనీ ఒకటి పెట్టి, మీవాళ్ళను హాజరు పట్టీల మధ్య ఉంచారు. ఆ గొంతు తగ్గడం అప్పటినుంచీ వస్తున్నదేమో, మీ అమ్మమ్మనడుగు. అయితే చరిత్ర పాఠం మాత్రం కథలో దూర్చొద్దు. చీటీ ఎన్ని వేలో, ఎవరు ఎగ్గొట్టారో రాయి, నాకు అది తెలుసుకోవాలని ఉంది.

మీ భాష నాకు రాదు. చాలామంది జడ్జీలకూ రాదు. మూలంలో నువ్వు తప్పు రాసినా వాళ్ళెవరూ పట్టుకోలేరు, మీ అమ్మమ్మ పట్టుకుంటుంది. ఆమెకు చదువు రాదన్నావు, మంచిదే, పైకి చదివి వినిపించు. 'ఇట్లా ఎవురు మాట్లాడతారే' అన్నచోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టుకో. ఒక మాటను ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా రాశావు. స్పెల్లింగులకు విడిగా ఒక నోట్‌బుక్ పెట్టు. తెలుగు ప్రతి జోలికి అప్పుడే పోకు, మూలం తేలాక చూద్దాం.

సంక్రాంతి తర్వాత నెల్లూరొస్తే ముందుగా ఫోన్ చెయ్యి. రెండు ప్రతులూ తీసుకురా, జిరాక్స్ ఒకటి ఇంట్లో ఉంచుకో.